షంట్ రెగ్యులేటరుకు తగిన కెపాసిటర్

ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌లో వోల్టేజి కుదురుగా లేదనిపించినప్పుడు అక్కడొక కెపాసిటర్ తగిలించడం విద్యార్థులకూ, రిపేరు మెకానిక్కులకూ, అనుభవం ఉన్న ఇంజనీర్లకూ కూడా అలవాటైన పని. కెపాసిటర్ విద్యుదావేశాన్ని నిల్వ చేసుకొని, వోల్టేజి తగ్గబోయినప్పుడు విడుదల చేసి, పెరగబోయినప్పుడు మరికొంత పీల్చుకొని ఒడుదొడుకులను అణుస్తుంది గనుక, ఈ అలవాటుకు చాలాచోట్ల గట్టి ఆధారమే ఉంది. అయితే షంట్ రెగ్యులేటర్ అనే తరహా సర్క్యూట్‌లో విలువ చూసుకోకుండా కెపాసిటర్ పెడితే, అంతవరకు నిలకడగా పనిచేస్తున్న రెగ్యులేటర్ తనంతట తానే సెకనుకు వేలసార్లో లక్షలసార్లో ఊగిసలాడడం మొదలుపెట్టవచ్చు. ఏ విలువలు క్షేమం, ఏవి ప్రమాదం, అందుకు కారణమేమిటి అన్నవి ఈ ప్రసంగంలో పరిశీలించే అంశాలు.

షంట్ రెగ్యులేటర్ లోడుకు సమాంతరంగా, సరఫరా తీగకూ గ్రౌండుకూ మధ్య ఉంటుంది. సరఫరా నుంచి ఒక రెసిస్టర్ గుండా వచ్చే కరెంటులో లోడు వాడుకోగా మిగిలినదంతా ఈ రెగ్యులేటర్ తనలో నుంచి గ్రౌండుకు పంపివేస్తూ, వోల్టేజిని ఒకే మట్టంలో నిలుపుతుంది. నిండిన చెరువులో అదనపు నీరు అలుగు మీదుగా పోయి మట్టం నిలిచే పద్ధతి ఇదే. ఈ పని చేసే పరికరాలలో అతి సరళమైనది జీనర్ డయోడ్. 1934లో విద్యుత్ బంధకాలు అధిక క్షేత్రం కింద తెగిపోయే తీరును వివరించిన అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ జీనర్ పేరు దానికి స్థిరపడింది. జీనర్ డయోడ్ కట్ట ఎత్తు మారని అలుగు వంటిది కాగా, నేడు విరివిగా వాడే టీఎల్ 431 వంటి పరికరం షట్టరు బిగించిన అలుగు వంటిది. అక్కడ మట్టాన్ని క్షణక్షణం కనిపెట్టి షట్టరును ఎత్తుతూ దించుతూ ఉండే కాపలాదారు ఉంటాడు. జీనర్ కంటే ఇది ఎంతో కచ్చితంగా పనిచేయడానికి ఆ కాపలాదారే కారణం. కెపాసిటర్ వల్ల చిక్కు రావడానికీ అతడే కారణం, ఎందుకంటే మట్టం సంగతి అతనికి ఆలస్యంగా తెలిస్తే షట్టరు దించవలసిన వేళకు ఎత్తుతాడు, ఎత్తవలసిన వేళకు దించుతాడు.

టీఎల్ 431ను టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1970ల చివరలో ప్రవేశపెట్టింది. తరువాత అనేక సంస్థలు అదే పేరుతో తయారుచేస్తూ వచ్చాయి. చూడడానికి మామూలు ట్రాన్సిస్టర్‌లా మూడు కాళ్లతో ఉండే ఈ పరికరంలో ఆనోడ్ గ్రౌండుకు, కాథోడ్ నిలకడగా ఉంచవలసిన తీగకు కలుపుతారు. రిఫరెన్స్ అనే మూడో కాలిని, కాథోడ్‌కూ గ్రౌండుకూ మధ్య వరుసగా కలిపిన రెండు రెసిస్టర్ల నడిమి బిందువుకు కలుపుతారు. లోపల సుమారు 2.495 వోల్టుల కొలమానం ఒకటి, దానితో రిఫరెన్స్ వోల్టేజిని పోల్చి తేడాను కొన్ని వందల రెట్లు పెంచే యాంప్లిఫయర్ ఒకటి, ఆ యాంప్లిఫయర్ ఆజ్ఞ ప్రకారం కరెంటును గ్రౌండుకు పంపే ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటాయి. కాథోడ్ వోల్టేజి 36 వోల్టులు మించకూడదు. కరెంటు 1 మిల్లీ ఆంపియర్‌కు తగ్గకూడదు, 100 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు.

ఈ చర్చ అంతటికీ ఒక ఉదాహరణను దగ్గర ఉంచుకోవడం మేలు. 12 వోల్టుల సరఫరా నుంచి 5 వోల్టులు కావాలి, లోడు 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, రెగ్యులేటరుకు మరో 5 మిల్లీ ఆంపియర్లు కేటాయించారు అనుకుంటే, రెసిస్టర్ మీద 7 వోల్టులు, దానిలో 10 మిల్లీ ఆంపియర్లు ఉంటాయి గనుక 700 ఓంలు కావాలి. అంగడిలో దొరికే దగ్గరి విలువ 680 ఓంలు. నడిమి బిందువు కోసం 10 కిలో ఓంల రెసిస్టర్లు రెండు వాడితే 2.495కు రెట్టింపు, అంటే 4.99 వోల్టులు వస్తుంది. రిఫరెన్స్ కాలు పీల్చుకునే 2 మైక్రో ఆంపియర్ల వల్ల పై రెసిస్టర్ మీద మరో 0.02 వోల్టు కలిసి మొత్తం 5.01 వోల్టులు అవుతుంది. ఇంతవరకు లెక్క సులభమే, పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇక్కడితోనే ఆగిపోతాయి. అసలు కష్టం ఈ 5 వోల్టుల తీగ మీద కెపాసిటర్ పెట్టేటప్పుడు మొదలవుతుంది.

వచ్చిన ఫలితాన్ని వెనక్కి తెచ్చి, కోరిన ఫలితంతో పోల్చి, తేడాను సరిదిద్దే ఏర్పాటును రుణాత్మక ఫీడ్‌బ్యాక్ అంటారు. టెలిఫోన్ యాంప్లిఫయర్ల కోసం దీనిని 1927లో రూపొందించినవాడు బెల్ లేబరేటరీస్‌కు చెందిన హరాల్డ్ బ్లాక్. అదే సంస్థలో హ్యారీ నైక్విస్ట్ 1932లో ప్రచురించిన పత్రం ఇటువంటి ఏర్పాటు ఎప్పుడు స్థిరంగా ఉంటుందో, ఎప్పుడు తనంతట తానే డోలనంలో పడుతుందో గణితరీత్యా తేల్చింది. దాని సారాంశాన్ని ఇలా చెప్పవచ్చు. ఒక సంకేతం ఫీడ్‌బ్యాక్ వలయమంతా ఒకసారి తిరిగి వచ్చేసరికి ఎన్ని రెట్లవుతుందో దానిని లూప్ గెయిన్ అంటారు. పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, పెరిగేకొద్దీ లూప్ గెయిన్ తగ్గుతుంది, సంకేతం వెనకబడడం పెరుగుతుంది. ఆ వెనుకబాటు అర్ధ ఆవృత్తికి, అంటే 180 డిగ్రీలకు, చేరేసరికి కూడా లూప్ గెయిన్ ఇంకా ఒకటి కంటే ఎక్కువగానే ఉంటే, తగ్గించవలసిన దిద్దుబాటు కాస్తా పెంచే దిద్దుబాటుగా మారి డోలనం పుడుతుంది. లూప్ గెయిన్ ఒకటికి దిగే చోట 180 డిగ్రీలకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరం మిగిలి ఉందో దానిని ఫేజ్ మార్జిన్ అంటారు. అది 45 డిగ్రీలకు తగ్గకుండా, వీలైతే 60 దాకా ఉండేలా చూసుకోవడం డిజైన్ ఇంజనీర్ల ఆచారం.

టీఎల్ 431లో యాంప్లిఫయర్ తనలోని చిన్న కెపాసిటర్ల వల్ల స్వయంగా ఒక ఆలస్యాన్ని కలిగిస్తుంది. దాని గెయిన్ కొన్ని కిలోహెర్ట్జ్‌ల దాకా సమంగా ఉండి, అక్కడి నుంచి తగ్గుతూ 1 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఒకటికి దిగుతుంది. ఈ ఆలస్యం ఒక్కటే అయితే ప్రమాదం లేదు, ఎందుకంటే ఒక ఆలస్యం 90 డిగ్రీలకు మించి వెనక్కి నెట్టలేదు. బయట కాథోడ్ మీద పెట్టిన కెపాసిటర్ రెండో ఆలస్యాన్ని తెస్తుంది, రెండూ కలిస్తే 180 డిగ్రీలు అందుబాటులోకి వస్తాయి. ఇప్పుడు ఆ రెండో ఆలస్యం ఏ పౌనఃపున్యం దగ్గర మొదలవుతుందన్నదే కీలకం. పై ఉదాహరణలో 680 ఓంల రెసిస్టర్, 1 కిలో ఓంతో సమానమైన లోడు కలిసి సమాంతరంగా సుమారు 405 ఓంలు అవుతాయి. కాథోడ్ మీద 100 పికోఫారడ్ల కెపాసిటర్ ఉంటే రెండో ఆలస్యం 4 మెగాహెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతుంది. అప్పటికే లూప్ గెయిన్ ఒకటి కంటే దిగిపోయి ఉంటుంది కాబట్టి హాని లేదు. 22 మైక్రోఫారడ్లు ఉంటే అది 18 హెర్ట్జ్‌ల దగ్గరే మొదలై, యాంప్లిఫయర్ సొంత ఆలస్యం అందుకునే వేళకు లూప్ గెయిన్‌ను దాదాపు ఒకటి దాకా దించేస్తుంది, ఇదీ మంచిదే. ఇక అందరూ చేతికందినట్లు పెట్టే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరుతో అది సుమారు 4 కిలోహెర్ట్జ్‌ల దగ్గర, అంటే యాంప్లిఫయర్ సొంత ఆలస్యం ఉండే తావులోనే మొదలవుతుంది. రెండు ఆలస్యాలూ ఒకేచోట చేరి, లూప్ గెయిన్ ఇంకా వందల్లో ఉండగానే సంకేతాన్ని వెనక్కి ఈడ్చడం మొదలుపెట్టి, ఫేజ్ మార్జిన్‌ను దాదాపు సున్నా చేస్తాయి.

చిన్న కెపాసిటర్ క్షేమం, పెద్దది క్షేమం, మధ్యది ప్రమాదం అన్న విచిత్రమైన ఫలితానికి ఇదీ మూలం. రెగ్యులేటర్ డేటాషీట్‌లో స్థిరత్వపు హద్దులను చూపే పటం ఒకటి ఉంటుంది. అందులో అడ్డంగా కెపాసిటర్ విలువ, నిలువుగా కాథోడ్ కరెంటు ఉంటాయి. మధ్యలో మూపురంలా లేచే గీతలు కొన్ని కనిపిస్తాయి, వాటి కింది ప్రాంతమంతా డోలనానికి అవకాశమున్న ప్రాంతం. కాథోడ్ వోల్టేజి 2.5 వోల్టులుగా ఉన్నప్పుడు మూపురం అన్నిటికంటే పెద్దది. 5, 10, 15 వోల్టులకు క్రమంగా చిన్నదవుతుంది, ఎందుకంటే రెండు రెసిస్టర్ల విభజన వల్ల వెనక్కి వచ్చే సంకేతం తగ్గి, లూప్ గెయిన్ కూడా తగ్గుతుంది. మొత్తం మీద సుమారు 0.01 మైక్రోఫారడ్ నుంచి కొన్ని మైక్రోఫారడ్ల వరకు అనుమానించవలసిన మేరగా, 1 నానోఫారడ్ కంటే తక్కువనూ 10 మైక్రోఫారడ్ల కంటే ఎక్కువనూ సాధారణంగా క్షేమమైన మేరలుగా భావించవచ్చు. అయితే ఒకే పేరుతో వేర్వేరు సంస్థలు తయారుచేసే భాగాల లోపలి నిర్మాణం ఒకటి కాదు గనుక, కొన్న భాగం ఎవరిదో వారి పటాన్నే చూడాలి.

ఈ పటాన్ని చదవడంలో ఒక పొరపాటు సర్వసాధారణం. ఇంజనీరు తన కెపాసిటర్ విలువనూ తన కరెంటునూ పటం మీద ఒక చుక్కగా గుర్తించి, ఆ చుక్క మూపురానికి బయట ఉంటే చాలనుకుంటాడు. వాస్తవంలో లోడు మారేకొద్దీ రెగ్యులేటర్ కరెంటు మారుతుంది: ఉదాహరణలో లోడు తీసేస్తే రెగ్యులేటర్ గుండా సుమారు 10 మిల్లీ ఆంపియర్లు పోతాయి, లోడు మరికొంత ఎక్కువ లాగితే అది 2 మిల్లీ ఆంపియర్లకు పడిపోవచ్చు. అంటే చుక్క నిలువుగా సాగి గీత అవుతుంది. కెపాసిటర్ విలువ కూడా వేడికీ, వోల్టేజికీ, వయసుకూ మారుతుంది గనుక ఆ గీత అడ్డంగా కూడా సాగి దీర్ఘచతురస్రం అవుతుంది. ఆ దీర్ఘచతురస్రంలోని ఏ మూలా మూపురాన్ని తాకకూడదు. పైగా ఆ పటం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సగటు నమూనాలతో గీసింది. అంచున నిలబడిన డిజైన్‌కు అది హామీ ఇవ్వదు. ఈ వృత్తిలో జాగ్రత్త అంటే ఈ దీర్ఘచతురస్రాన్ని చివరిదాకా గీసి చూసుకోవడమే.

అడ్డంగా ఎంత సాగుతుందన్నది కెపాసిటర్ జాతి మీద ఆధారపడుతుంది. బేరియం టైటనేట్‌తో చేసే సిరామిక్ కెపాసిటర్లు చిన్న పరిమాణంలో ఎక్కువ విలువ ఇస్తాయి గాని, వాటి మీద వోల్టేజి పెరిగేకొద్దీ విలువ కరిగిపోతుంది, 6.3 వోల్టులకు రేటింగు ఉన్న అతి చిన్న 10 మైక్రోఫారడ్ల ఎక్స్5ఆర్ రకం మీద 5 వోల్టులు ఉంటే, సగం కూడా మిగలకపోవడం అసాధారణం కాదు. పది అనుకొని పెట్టినది నిజానికి నాలుగై మూపురంలోకి జారుతుంది. వై5వి రకమైతే వేడిమి, చలి మార్పులకే 82 శాతం దాకా కోల్పోవచ్చు. స్థిరత్వం దాని మీద ఆధారపడే చోట ఆ రకాన్ని వాడనే కూడదు. ఎక్స్7ఆర్ రకం మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా 15 శాతం లోపు మార్పుతో మెరుగ్గా ఉంటుంది గాని, వోల్టేజి వల్ల కలిగే తరుగు దానికీ తప్పదు. అందుచేత 5 వోల్టుల తీగ మీద 16 లేదా 25 వోల్టుల రేటింగు ఉన్నది, కాస్త పెద్ద పరిమాణంలోది ఎంచుకొని, తయారీదారు ఇచ్చే వోల్టేజి తరుగు వక్రరేఖను చూసి, మిగిలే విలువతోనే లెక్క వేయాలి.

విలువతో పాటు చూడవలసినది మరొకటి ఉంది. ప్రతి కెపాసిటర్ లోపలా కొంత నిరోధం దాగి ఉంటుంది. వృత్తిలోని వారు దానిని ఈఎస్ఆర్ అంటారు. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ఇది ఓంలో కొన్ని పదోవంతుల నుంచి కొన్ని ఓంల దాకా, సిరామిక్ కెపాసిటర్లలో కొన్ని మిల్లీ ఓంలు మాత్రమే ఉంటుంది. విద్యుత్ సరఫరాల్లో ఈఎస్ఆర్ ఎంత తక్కువైతే అంత గొప్ప అన్న భావన ప్రబలంగా ఉన్నా, ఇక్కడ కొద్దిపాటి ఈఎస్ఆర్ రక్షణగా పనిచేస్తుంది. ఒక పౌనఃపున్యం దాటాక కెపాసిటర్ తన స్వభావాన్ని వదిలి రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది, రెసిస్టర్ సంకేతాన్ని వెనక్కి నెట్టదు గనుక కోల్పోయిన ఫేజ్ కొంత తిరిగి వస్తుంది. 22 మైక్రోఫారడ్లకు అర ఓం ఈఎస్ఆర్ ఉంటే ఆ మార్పు సుమారు 14.5 కిలోహెర్ట్జ్‌ల దగ్గర, అంటే లూప్ గెయిన్ ఒకటికి దిగే ప్రాంతానికి చేరువలో వస్తుంది. అవసరమైన చోటనే సాయం అందుతుందన్నమాట. అదే విలువ సిరామిక్‌లో ఈఎస్ఆర్ 5 మిల్లీ ఓంలయితే మార్పు 1.4 మెగాహెర్ట్జ్‌ల దగ్గర వస్తుంది, అప్పటికి ఆ సాయం వల్ల ప్రయోజనం లేదు. సిరామిక్కే వాడవలసి వస్తే దానితో వరుసగా అర ఓం నుంచి ఒక ఓం దాకా చిన్న రెసిస్టర్ కలపడం చవకైన, నమ్మదగిన ఉపాయం. ఘన టాంటలమ్ కెపాసిటర్లలో ఈ నిరోధం సహజంగానే తగినంత ఉంటుంది. అయితే వాటిని రేటింగులో సగం వోల్టేజికి మించి వాడకపోవడం మంచిది.

పెద్ద కెపాసిటరుకు చెల్లించవలసిన మూల్యం ఒకటుంది. 680 ఓంల గుండా 22 మైక్రోఫారడ్లు 12 వోల్టుల సరఫరా నుంచి 5 వోల్టులకు నిండడానికి, లోడు లేకపోయినా 8 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ తీగ వోల్టేజి ఆధారంగా కొలతలు తీసే మైక్రోకంట్రోలర్ ఈలోగానే పని మొదలుపెడితే మొదటి అంకెలు తప్పుగా వస్తాయి.

ఆ కొలతల సర్క్యూట్లలోనే మరో ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. అనలాగ్ వోల్టేజిని అంకెలుగా మార్చే చిప్పుకు రిఫరెన్స్ వోల్టేజి ఇచ్చే కాలి దగ్గర 0.1 మైక్రోఫారడ్ పెట్టమని ఆ చిప్పు డేటాషీట్ చెబుతుంది. ఇంజనీరు చెప్పినట్టే పెడతాడు. రెగ్యులేటర్ పక్కన తాను వేరే కెపాసిటర్ ఏదీ పెట్టలేదు గనుక భయం లేదనుకుంటాడు. కాని తీగ ఒకటే అయినప్పుడు దాని మీద ఎక్కడున్న కెపాసిటర్ అయినా రెగ్యులేటర్ కాథోడ్ మీద ఉన్నట్టే. 12 బిట్ల చిప్పులో 2.5 వోల్టులను 4096 మెట్లుగా విభజిస్తారు, ఒక్కో మెట్టు 0.61 మిల్లీవోల్టు, రిఫరెన్స్ 30 మిల్లీవోల్టుల మేర ఊగితే దాదాపు 49 మెట్ల దాకా తప్పు వస్తుంది, ఆ చిప్పుతో పనిచేసే ఉష్ణమాపకం ఏ కారణమూ లేకుండా గెంతుతున్నట్టు కనిపిస్తుంది. ఇటువంటి చోట 10 మైక్రోఫారడ్లకు పైగా ఎలక్ట్రోలిటిక్‌ను ఆ 0.1కు తోడు చేర్చాలి, లేదా రెగ్యులేటరుకూ కెపాసిటరుకూ మధ్య 47 ఓంల వంటి రెసిస్టర్ పెట్టి రెంటినీ విడదీయాలి. రెండో మార్గంలో 5 మిల్లీ ఆంపియర్ల లోడు 0.235 వోల్టు పోగొడుతుంది గనుక, దాదాపు కరెంటే తీసుకోని కాళ్లకు మాత్రమే అది తగినది. ఏ కెపాసిటరుతోనైనా స్థిరంగా ఉండేలా తయారైన ఎల్ఎం 4040 వంటి భాగాన్ని ఎంచుకోవడం మూడో మార్గం. అది 15 మిల్లీ ఆంపియర్లకు మించి మోయలేదు, నిర్ణీత వోల్టేజిలలోనే దొరుకుతుంది, అయినా కొలత సర్క్యూట్లకు చాలాసార్లు ఇదే సరైన ఎంపిక.

ఛార్జర్లలో, కంప్యూటర్ పవర్ సప్లైలలో టీఎల్ 431 కాథోడ్‌కూ రిఫరెన్స్ కాలికీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కనిపించడం వేరే సంగతి. అక్కడ టీఎల్ 431 కాంతి ద్వారా సంకేతాన్ని దాటించే ఆప్టోకప్లర్‌ను నడిపే యాంప్లిఫయర్‌గా పనిచేస్తుంది, ఆ కెపాసిటర్ మొత్తం సప్లై వలయపు వేగాన్ని నియంత్రించడానికి లెక్క కట్టి పెట్టినది. దానిని చూసి షంట్ రెగ్యులేటర్ కాథోడ్‌కూ గ్రౌండుకూ మధ్య అదే విలువ పెట్టడం పొరపాటు.

డోలనాన్ని పట్టుకోవడానికి మల్టీమీటరును నమ్మలేము. అది సగటును చూపుతుంది గనుక తీగ మీద వోల్టేజి ఎంత ఊగుతున్నా తెర మీద 5.01 అనే అంకె కదలకుండా నిలబడి ఉండవచ్చు. ఆసిలోస్కోప్‌ను ఏసీ స్థితిలో, పదింతల ప్రోబుతో పెట్టి చూడాలి. ఆ ప్రోబు కలిపే పది, పదిహేను పికోఫారడ్లు ఇక్కడ లెక్కలోకి రావు. ఊగిసలాట లేదని చూసి అక్కడితో వదిలిపెట్టకుండా, ఒక ట్రాన్సిస్టర్‌తో లోడును ఒక్కసారిగా కలిపి తీసివేస్తూ వోల్టేజి ఎలా సర్దుకుంటుందో గమనించాలి: ఒకటి రెండు అలలతో కుదుటపడితే ఫేజ్ మార్జిన్ చాలు, పది అలల దాకా మోగుతూ ఉంటే సర్క్యూట్ అంచున నిలబడి ఉందని అర్థం. ఆసిలోస్కోప్ లేనివారికి మీడియం వేవ్ ట్రాన్సిస్టర్ రేడియో కొంత సాయపడుతుంది. డోలనమో దాని పైమెట్ల కంపనాలో 526 నుంచి 1606 కిలోహెర్ట్జ్‌ల మధ్య పడితే, స్టేషన్ లేని చోట రేడియోను సర్క్యూట్ పక్కన పెట్టినప్పుడు ఈలగానో రొదగానో కొన్నిసార్లు వినిపిస్తుంది. వినిపించకపోతే డోలనం లేదని మాత్రం నిర్ధారించుకోకూడదు.

కొత్తగా ఉన్నప్పుడు అన్ని పరీక్షలూ నెగ్గిన సర్క్యూట్ కొన్నేళ్లకు డోలనంలో పడడం కూడా జరుగుతుంది. 22 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్, దాని పక్కన 0.1 సిరామిక్ ఉన్న తీగలో, పెద్దది తన అర ఓం నిరోధంతో చిన్నదాని ప్రభావాన్ని కప్పివేస్తుంది. ఎలక్ట్రోలిటిక్ లోపలి ద్రవం వేడికి ఆరిపోతూ ఉంటుంది. పరిసర ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు దాని ఆయుష్షు సుమారుగా సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు ఉన్నప్పుడు, ఎండ తగిలే ఇనుప పెట్టెలోని బోర్డు మీద వేడి ఇంకెంత ఉంటుందో ఊహించవచ్చు. ద్రవం ఆరేకొద్దీ విలువ తగ్గి, ఈఎస్ఆర్ పదుల ఓంలకు చేరి, చివరకు తీగ మీద పనిచేసే కెపాసిటర్ ఆ 0.1 ఒక్కటే అవుతుంది. అప్పుడు మెకానిక్కు బోర్డు విప్పి, టీఎల్ 431ను అనుమానించి దానిని మార్చి, ఫలితం లేక విసుగు చెందుతాడు. మార్చవలసినది ఆరిపోయిన కెపాసిటర్. దాని స్థానంలో అదే విలువ గల కొత్త సిరామిక్ పెడితే ఈఎస్ఆర్ పోతుంది, వోల్టేజి తరుగు వల్ల విలువా తగ్గుతుంది. 105 డిగ్రీలకు రేటింగు ఉన్న అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్‌నే, అంతే విలువది గాని కొంచెం పెద్దది గాని, వేడెక్కే రెసిస్టర్‌కు దూరంగా అమర్చి, పాతది విప్పిన వెంటనే దాని ఈఎస్ఆర్‌ను కొలిచి రాసి ఉంచుకోవడం ఉత్తమమైన పద్ధతి.